విదేశాలకు వెళ్ళిపోయిన నిందితుల్ని వెనక్కి రప్పించడం: గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమలాపురంలో వకీలుగా పనిచేస్తున్నాను. కోనసీమ నుంచి గల్ఫ్‌కి, అమెరికాకి వెళ్ళినవాళ్ళు పెరిగినకొద్దీ అటూ ఇటూ దాటిపోయే కేసులూ పెరిగాయి. రాజోలు నుంచో, మలికిపురం నుంచో, గోదావరి అవతల నరసాపురం నుంచో కాగితాల సంచీ పట్టుకుని వచ్చేవాళ్ళు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

అప్పగింత, డిపోర్ట్ చేయడం రెండూ ఒకటేనా అండీ?

కాదు. ఒక దేశంలో నేరం చేశాడని కేసు ఉన్న మనిషి, లేదా శిక్ష పడ్డ మనిషి ఇంకో దేశంలో దొరికాడనుకోండి. మొదటి దేశం ప్రభుత్వం అడిగితే, రెండో దేశం తన చట్టం ప్రకారం విచారించి అతన్ని అప్పజెప్పడం అప్పగింత. మన దేశంలో దీనికి 1962 నాటి అప్పగింత చట్టం ఉంది. డిపోర్ట్ చేయడం వేరు. వీసా గడువు తీరిందనో, దొంగదారిన వచ్చాడనో ఆ దేశం తనంతట తానే పంపించేస్తుంది. 2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దింపినవాళ్ళు డిపోర్ట్ అయినవాళ్ళు. వాళ్ళను అప్పగించమని మన దేశం అడగలేదు.

నిందితుడి పాస్‌పోర్టు ఇక్కడ రద్దయితే అక్కడ ఉండే హక్కు పోయి డిపోర్ట్ కావచ్చు. అప్పగింత కంటే అది త్వరగా తేలొచ్చు గానీ, పంపాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం.

ఇక్కడ నేరమైతే చాలదా? అక్కడ కూడా నేరం కావాలంటున్నారు, ఎందుకు?

యానాంలో పెద్దవాళ్ళను అడిగితే ఈ సంగతి బాగా చెబుతారు. 1954 దాకా యానాం ఫ్రెంచి పాలనలో ఉండేది, చుట్టుపక్కల ఊళ్ళేమో 1947 దాకా బ్రిటిష్ వాళ్ళవి. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిష్ వైపు బాల్యవివాహాలు నేరం అయ్యాక, ఇవతలి ఊళ్ళవాళ్ళు పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ యానాం తీసుకెళ్ళి పెళ్ళి జరిపించుకుని వచ్చేవారు. కళ్యాణపురం అన్న పేరు దానికి అలాగే వచ్చిందంటారు. నాలుగడుగులు అటు వేస్తే అదే పని నేరం కాకుండా పోయింది. ఆ పసిపిల్లల గతేమిటన్నది తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

దేశాల మధ్య ఇప్పటికీ అదే చిక్కు. తన గడ్డ మీద నేరం కాని పనికి ఏ దేశమూ మనిషిని పట్టి ఇవ్వదు. అందుకే నిందితుడు చేసిన పని రెండు దేశాల చట్టాల్లోనూ నేరం కావాలి, మామూలుగా కనీసం ఏడాది జైలు పడగలిగేదై ఉండాలి. నేరం పేరు రెండుచోట్లా ఒకటే కానక్కర్లేదు. మనం మోసం అన్నదాన్ని వాళ్ళు ఇంకో పేరుతో పిలవొచ్చు. చేసిన పని ఏమిటన్నదే చూస్తారు.

ఏయే నేరాలకు అడుగుతారు?

హత్య, మనుషుల అక్రమ రవాణా, పిల్లల మీద లైంగిక నేరాలు, మోసం, నమ్మకద్రోహం, దొంగ పత్రాలు, బ్యాంకు మోసాలు, మత్తుమందులు, ఉగ్రవాదం. వీటన్నిటికీ అడగొచ్చు. రాజకీయ నేరాలకు అప్పగింత ఉండదని మన చట్టంలోనే రాసి ఉంది. పొలం గట్టు తగాదా, భాగస్వాముల మధ్య లెక్క తేలకపోవడం లాంటి సివిల్ వ్యవహారాలకు ఈ దారి లేదు.

చీటీల డబ్బుతో దుబాయ్ వెళ్ళిపోయాడు. వాడు వచ్చేదాకా మా డబ్బు సంగతి అంతేనా?

వాడు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మనిషి దుబాయ్‌లో ఉన్నా కొబ్బరి తోట, డాబా ఇల్లు, రొయ్యల చెరువు ఇక్కడే ఉంటాయి. డిపాజిటర్ల రక్షణకు 1999లో మన రాష్ట్రం చేసిన చట్టం కింద అలాంటి ఆస్తుల్ని జప్తు చేయించవచ్చు. నేరంతో సంపాదించిన ఆస్తిని జప్తు చేసే అధికారం కొత్త క్రిమినల్ చట్టంలో కోర్టుకు కూడా ఉంది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడే అతని ఆస్తుల సర్వే నంబర్లు, తెలిస్తే బ్యాంకు ఖాతాలు రాసివ్వండి. ఆలస్యం చేస్తే ఆ తోట బావమరిది పేరు మీదకి మారిపోతుంది.

## స్టేషన్‌లో, మన కోర్టులో

పని ఇప్పిస్తానని మా అక్కని మస్కట్ పంపి ఏజెంటు మోసం చేశాడు. ఇప్పుడు వాడూ అక్కడే ఉన్నాడు. కేసు ఎక్కడ పెట్టాలి?

మీ ఊరి స్టేషన్‌లోనే. డబ్బు తీసుకున్నది, మాట ఇచ్చింది, పాస్‌పోర్టు చేతిలో పెట్టించుకున్నది ఇక్కడే కదా. "అది ఒమన్‌లో జరిగింది, మాకు సంబంధం లేదు" అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు నమోదు చేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపే జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి చట్టంలోనే ఉంది. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరాన్ని కూడా ఇక్కడ విచారించవచ్చు. విచారణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి గానీ, దర్యాప్తు దశలో ఆ అనుమతి అక్కర్లేదు. బోట్స్‌వానాలో కాపురం చేసిన మన రాష్ట్రపు జంట కేసులో సుప్రీంకోర్టు 2011లో ఈ సంగతి తేల్చి చెప్పింది.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కూడా ఫిర్యాదులో రాయించండి. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని విదేశాల్లో పనికి పంపడమే నేరం. అన్నిటికంటే ముందు మీ అక్క అక్కడి మన ఎంబసీకి చేరేలా చూడండి. ఏజెంటు కోసం వెతకడం ఆవిడ క్షేమంగా ఉన్నాక చేయాల్సిన పని.

ఫైల్లో ఏమేం ఉండాలి?

ఎఫ్ఐఆర్, చార్జిషీటు, మన కోర్టు ఇచ్చిన నాన్‌బెయిలబుల్ వారెంటు, సాక్షుల వాంగ్మూలాలు, ఆ నేరానికి సంబంధించిన సెక్షన్ల పూర్తి పాఠం, నిందితుడి ఫోటో, దొరికితే వేలిముద్రలు, కేసు మొత్తాన్ని వివరించే అఫిడవిట్. అన్నీ ధృవీకరించినవై ఉండాలి. ఆ దేశం భాష ఇంగ్లీషు కాకపోతే వాళ్ళ భాషలోకి తర్జుమా కూడా కావాలి.

నేను చూసిన ఒక ఫైలు గురించి చెప్పాలి. లంక గ్రామం నుంచి వచ్చిన ఒక తల్లి కేసు అది. ఎఫ్ఐఆర్‌లో నిందితుడి పేరు ఊళ్ళో పిలిచే పేరు, చివర "బాబు" అని. వారెంటులో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరు రెండు ముక్కలుగా, తండ్రి పేరు ఇంకో స్పెల్లింగుతో. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు ఉన్నట్టుంది. ఆ ఫైలు పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. సరిచేసి మళ్ళీ పంపేసరికి అతను దేశం మారిపోయాడు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ "ఒక్క అక్షరమేనా బాబూ" అని అడిగింది. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ముందు నిందితుడి పాస్‌పోర్టు జిరాక్స్ అడుగుతున్నాను. అది లేకపోతే పాత టికెట్టో, వీసా కాపీయో, ఏదైనా.

వాంగ్మూలాల్లో మన మాటలూ చూసుకోవాలి. "బోదె దగ్గర కొట్టాడు" అన్నదాన్ని తర్జుమా చేసేవాళ్ళకు బోదె అంటే పొలానికి నీళ్ళు పారే చిన్న కాలవ అని తెలియకపోతే, అవతలి జడ్జికి నేరం జరిగిన చోటే అర్థం కాదు. కేసు బలం అవతలి దేశం ప్లీడరులో కంటే మన స్టేషన్ రైటరు రాసిన మొదటి నాలుగు పేజీల్లో ఎక్కువ ఉంటుంది.

రెడ్ కార్నర్ నోటీసు వచ్చింది కదా, ఇంక పట్టుకొచ్చేస్తారా?

రెడ్ నోటీసు అరెస్టు వారెంటు కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ 196 సభ్య దేశాలకు పంపే విన్నపం అది: ఈ మనిషి మీ దగ్గర కనబడితే ఆచూకీ చెప్పండి, వీలైతే అప్పగింత అడిగేదాకా పట్టి ఉంచండి అని. అరెస్టు చేయాలా లేదా అన్నది ఆయా దేశాల చట్టం చూసుకుంటుంది. మన వైపు నుంచి ఈ పని చూసేది ఢిల్లీలో సీబీఐ. జిల్లా పోలీసులు నేరుగా ఇంటర్‌పోల్‌కు రాయరు. 2025 జనవరిలో మొదలైన భారత్‌పోల్ పోర్టల్ వల్ల రాష్ట్ర పోలీసులకూ సీబీఐకీ మధ్య ఉత్తరాల కాలయాపన తగ్గాలి.

తప్పిపోయినవాళ్ళ కోసం పసుపు నోటీసు ఉంటుంది. గల్ఫ్‌లో మనిషి జాడ తెలియని కుటుంబాలు దీని గురించి కూడా పోలీసుల్ని అడగాలి.

అల్లుడు అమెరికాలో ఉన్నాడు. అమ్మాయిని హింసించి వదిలేశాడు. 498ఏ కేసు పెడితే రప్పించగలమా?

ఉన్నమాట చెప్పాలి, లేకపోతే మీ ఏళ్ళూ డబ్బూ పోతాయి. భార్యను హింసించడం మీద ఉన్న ఆ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86గా ఉంది. వరకట్నం అన్న భావనే అమెరికా చట్టంలో లేదు కాబట్టి, ఆ ఒక్క ఆరోపణ మీద అప్పగింత దొరకడం చాలా కష్టం. కొట్టడం, గాయపరచడం, బెదిరించడం లాంటివి ఉంటే ఆ వివరాలు తేదీలతో, ఆస్పత్రి కాగితాలతో చెప్పాలి. అవి అక్కడా నేరాలే.

దీనికంటే ముందు పనిచేసేవి ఇక్కడే ఉన్నాయి. వారెంటు ఉన్నా, క్రిమినల్ కేసు నడుస్తున్నా 1967 పాస్‌పోర్టు చట్టం కింద పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు, రద్దు చేయవచ్చు. లుక్ అవుట్ సర్క్యులర్ (విమానాశ్రయాలకు వెళ్ళే నిఘా ఉత్తర్వు) వేయిస్తే శంషాబాద్‌లో దిగిన రోజునే ఆపుతారు. పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటన ఇస్తే ఆస్తి జప్తు చేయించవచ్చు. అమ్మాయి ఇంకా అక్కడే ఉంటే మాత్రం అక్కడి పోలీసుల దగ్గరికి వెళ్ళమని చెప్పండి. పరువు పోతుందని ఆపకండి.

ఇంటర్‌పోల్ ఫీజు కట్టాలని ఫోన్లో డబ్బు అడుగుతున్నారు. కట్టాలా?

ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. అప్పగింత అడిగేది ప్రభుత్వం, ఖర్చు పెట్టేది ప్రభుత్వం. బాధితుల దగ్గర ఏ దశలోనూ ఫీజు ఉండదు. "డిజిటల్ అరెస్టు" పేరుతో వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని టెన్షన్ పెట్టేవాళ్ళదీ ఇదే పద్ధతి. అరెస్టు ఎప్పుడూ ఫోన్లో జరగదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి.

## ఢిల్లీ నుంచి అవతలి దేశానికి

మన ఎస్పీ గారు నేరుగా కువైట్‌కు రాస్తే సరిపోదా?

సరిపోదు. కోర్టు వారెంటు తర్వాత ఫైలు రాష్ట్ర హోం శాఖ ద్వారా ఢిల్లీలో విదేశాంగ శాఖకు వెళ్తుంది. అక్కడ సరిచూసి, ఆ దేశంలోని మన ఎంబసీ ద్వారా వాళ్ళ ప్రభుత్వానికి అందిస్తారు. పోలీసు నుంచి పోలీసుకు వెళ్ళే ఉత్తరానికి ఇందులో విలువ లేదు. నిందితుడు పారిపోయేలా ఉంటే మాత్రం ముందే తాత్కాలిక అరెస్టు అడగొచ్చు. కానీ పూర్తి ఫైలు గడువులోపు చేరాలి. మన దగ్గర పట్టుబడ్డవాళ్ళ విషయంలో మన చట్టం పెట్టిన గడువు 60 రోజులు. అది దాటితే వదిలేయాల్సిందే.

ఆ దేశంతో మనకు ఒప్పందం లేకపోతే?

దారి పూర్తిగా మూసుకుపోదు. మన దేశానికి దాదాపు 50 దేశాలతో ఒప్పందాలున్నాయి. అందులో మనవాళ్ళు ఎక్కువగా ఉండే కువైట్, సౌదీ, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, అమెరికా, బ్రిటన్, కెనడా ఉన్నాయి. ఒప్పందం లేని చోట "రేపు మీరు అడిగితే మేమూ ఇస్తాం" అన్న హామీ మీద, లేదా రెండు దేశాలూ చేరిన అంతర్జాతీయ ఒడంబడిక మీద అడగొచ్చు. 1993 ముంబై పేలుళ్ళ కేసు నిందితుడు అబూ సలేంను 2005లో పోర్చుగల్ నుంచి తెచ్చేనాటికి ఆ దేశంతో మనకు అప్పగింత ఒప్పందం లేదు.

ఎన్నాళ్ళు పడుతుంది?

తేదీ చెప్పి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. జరిగినవి చెబుతాను. 2000 నాటి క్రికెట్ ఫిక్సింగ్ కేసులో సంజీవ్ చావ్లా లండన్‌లో 2016లో అరెస్టయి, 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ చేరాడు. 2008 ముంబై దాడుల కేసు నిందితుడు తహవ్వుర్ రాణా అమెరికాలో మన కోరిక మీద 2020లో అరెస్టయితే, 2025 ఏప్రిల్‌లో అప్పగించారు. బ్యాంకు రుణాల ఎగవేత కేసులున్న విజయ్ మాల్యా 2016 మార్చిలో లండన్ వెళ్ళాడు, 2018 డిసెంబరులో లండన్ కోర్టు అప్పగించవచ్చంది, 2020 మే నాటికి అప్పీళ్ళ దారులూ మూసుకుపోయాయి. అయినా ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాడు.

మన తీరానికి సంబంధించిన కేసు ఇంకొకటి ఉంది. ఆంధ్రా సముద్రపు ఇసుకలోని టైటానియం తవ్వకాల అనుమతుల కోసం ఇక్కడ లంచాలకు కుట్ర చేశారని ఉక్రెయిన్ వ్యాపారి ద్మిత్రో ఫిర్తాష్ మీద అమెరికా అభియోగం మోపింది. ఆయన కాదంటూ వచ్చారు. 2014 మార్చిలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో అరెస్టయి, 12.5 కోట్ల యూరోల బెయిల్ మీద బయటికొచ్చారు. 2015లో అక్కడి కోర్టు అప్పగించనంది, 2017లో పై కోర్టు సరేనంది, 2019లో ఆస్ట్రియా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అయినా పదేళ్ళు గడిచాక కూడా ఆయన అమెరికా కోర్టు మెట్లెక్కలేదు. ఆరోపణ మన రాష్ట్రం గురించి, అడిగింది అమెరికా, తేల్చాల్సింది ఆస్ట్రియా. కోర్టులే కాదు, ప్రభుత్వాల ఇష్టాయిష్టాలూ మధ్యలో వస్తాయని ఈ ఒక్క కేసు చూస్తే తెలుస్తుంది.

యానాం వాళ్ళలో కొందరికి ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంటుంది. అలాంటివాళ్ళు పారిస్‌లో ఉంటే?

నేరం జరిగేనాటికి ఫ్రెంచి పౌరుడై ఉన్నవాణ్ణి ఫ్రాన్స్ మనకు అప్పగించదు. అంతమాత్రాన వదిలేసినట్టు కాదు, అక్కడే విచారించమని అడగొచ్చు. యూఏఈతో మన ఒప్పందంలోనూ సొంత పౌరుల్ని ఇవ్వక్కర్లేదనీ, బదులుగా విచారణ జరపాలనీ ఉంది. అమెరికా ఒప్పందంలో మాత్రం పౌరసత్వం సాకుగా చూపడం కుదరదు.

## అవతలి కోర్టులో

సాక్ష్యం చెప్పడానికి మేము లండన్ వెళ్ళాలా?

మామూలుగా అక్కర్లేదు. అక్కడ జరిగేది అసలు విచారణ కాదు. మనం పంపిన కాగితాల్ని బట్టి కేసు నిలబడేదేనా, నేరం రెండుచోట్లా నేరమేనా, పంపితే అన్యాయం జరుగుతుందా అన్నవి చూస్తారు. మన తరఫున బ్రిటన్‌లో వాళ్ళ ప్రభుత్వ ప్రాసిక్యూషన్ సర్వీసు, అమెరికాలో వాళ్ళ న్యాయశాఖ వకీళ్ళు వాదిస్తారు. మీ సాక్ష్యం అవసరమయ్యేది మనిషి తిరిగొచ్చాక, ఇక్కడి విచారణలో. అప్పటిదాకా సాక్షులు చెదిరిపోకుండా చూసుకోండి.

మన జైళ్ళ గురించి వాళ్ళెందుకు అడుగుతారు?

యూరప్ మానవ హక్కుల చట్టం ప్రకారం హింసకు, అమానుషానికి గురయ్యే చోటికి ఎవర్నీ పంపకూడదు. మాల్యా కేసులో ముంబై ఆర్థర్ రోడ్ జైలు 12వ బ్యారక్ వీడియో తీసి చూపించాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు తీహార్ జైల్లో ప్రమాదం ఉందన్న కారణం కూడా చూపి ఆయుధాల దళారీ సంజయ్ భండారీని పంపడానికి ఒప్పుకోలేదు. రేపు మన కేసులో రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు పేరు రాస్తే, గది ఎంత, గాలీ వెలుతురూ ఎంత, డాక్టరు ఉన్నారా అని అడుగుతారు. జైళ్ళు బాగుపడటం ఖైదీలకే కాదు, న్యాయం కోసం చూస్తున్న బాధితులకూ అవసరమే.

ఉరిశిక్ష పడే కేసైతే పంపరంటారు, నిజమేనా?

చాలా దేశాలు ఉరి వేయబోమన్న హామీ లేకుండా పంపవు. మన అప్పగింత చట్టంలో 34సీ సెక్షను ఇందుకే ఉంది. అప్పగించిన దేశంలో ఆ నేరానికి ఉరి లేకపోతే ఇక్కడ యావజ్జీవమే పడుతుంది. అబూ సలేంను 25 ఏళ్ళకు మించి ఉంచబోమని పోర్చుగల్‌కు ఇచ్చిన మాటను నిలబెట్టుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

## తీసుకొచ్చాక

వచ్చాడు కదా, పాత కేసులన్నీ కలిపి పెట్టొచ్చా?

కుదరదు. ఏ నేరానికి అడిగి తెచ్చామో దానికి, ఆ వాస్తవాల మీదే నిలిచే చిన్న నేరాలకు, లేదా ఆ దేశం ఒప్పుకున్న వాటికి మాత్రమే విచారించాలి. అప్పగింత చట్టం 21వ సెక్షను ఇదే చెబుతుంది. కాబట్టి అతని మీద తణుకులో ఒకటి, పాలకొల్లులో ఒకటి కేసులుంటే, అన్నిటి ఫైళ్ళూ మొదటి కోరికలోనే కలపమని పోలీసుల్ని గట్టిగా అడగండి.

## మనవాళ్ళని వాళ్ళు అడిగితే

మా తమ్ముడు దుబాయ్‌లో బ్యాంకు లోను కట్టలేక వచ్చేశాడు. పోలీసులు వచ్చి పట్టుకుపోతారా?

కేవలం అప్పు తీర్చలేకపోవడం అప్పగింతకు తగిన నేరం కాదు. కానీ మర్చిపోయి కూర్చోవద్దు. 2020 జనవరి నుంచి యూఏఈ కోర్టుల సివిల్ తీర్పుల్ని ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు. అంటే తీర్పు కాగితం మీ ఇంటి మీదకే రావచ్చు. దొంగ జీతం సర్టిఫికెట్లతో లోను తీసుకుని ఉంటే అది మోసం, అప్పుడు క్రిమినల్ కేసు. బ్యాంకుతో వాయిదాల మాట ఇప్పుడే రాతపూర్వకంగా మాట్లాడుకోవడం మంచిది. అక్కడ కేసు ఏ స్థితిలో ఉందో తెలుసుకోకుండా మళ్ళీ గల్ఫ్ విమానం ఎక్కనివ్వకండి.

నిజంగానే ఏదైనా దేశం అడిగితే ఇక్కడ ఏం జరుగుతుంది?

కేంద్రం ఆ కోరికను మేజిస్ట్రేటు ముందు పెడుతుంది. చాలావరకు ఢిల్లీలో. మేజిస్ట్రేటు ప్రాథమిక ఆధారాలు చూస్తారు. నిందితుడికి వకీలును పెట్టుకునే, తన వైపు చెప్పుకునే హక్కు ఉంటుంది. చివరి నిర్ణయం కేంద్ర ప్రభుత్వానిది, దాన్ని హైకోర్టులో సవాలు చేయొచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ బీచ్‌లో 2018లో జరిగిన ఒక యువతి హత్య కేసులో నిందితుణ్ణి ఢిల్లీలో 2022 నవంబరులో పట్టుకుని, 2023 మార్చిలో అప్పగించారు. మన దేశమూ ఇస్తుంది.

మావాడికి అక్కడే శిక్ష పడింది. మిగతా శిక్ష ఇక్కడి జైల్లో అనుభవించే వీలుందా?

ఉంది. ఇది అప్పగింత కాదు, 2003 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద జరిగే పని. యూఏఈ, సౌదీ, కువైట్‌లతో ఇందుకు ఒప్పందాలున్నాయి. తీర్పు అంతిమమై ఉండాలి, మామూలుగా ఇంకా ఆరు నెలలైనా శిక్ష మిగిలి ఉండాలి, ఖైదీ తనంతట తాను ఒప్పుకోవాలి, రెండు ప్రభుత్వాలూ సరేననాలి. దరఖాస్తు జైలు నుంచి అతనే పెట్టాలి. ఎంబసీ అధికారి జైలుకు వచ్చినప్పుడు అడగమని ఫోన్లో చెప్పండి. ఈలోపు ఇక్కడ అతని ఆధార్, రేషన్ కార్డు, పాత పాస్‌పోర్టు కాపీ తీసి ఉంచండి. పౌరసత్వం రుజువు కోసం వాటినే అడుగుతారు.